నలభై రైకల హోలీ

మా ఊరి మగోళ్ళ ఛాతీ కొలతలు వాళ్ళ పెండ్లాల కంటే నాకే బాగా తెలుసు. తప్పుగా అనుకోవాకండి. నేను రైకలు కుట్టేదాన్ని. హోలీ వచ్చిందంటే మా ఊరి మగోళ్ళు రెండు దినాలు సీరలు కట్టుకోని, తల్లో పూలు పెట్టుకోని, మెడ నిండా సొమ్ములేసుకోని రతీమన్మథుల గుడికి నైవేద్యం తీసకపోతారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే రోడ్డు మీద మా ఊరు. తాతల కాలం నుంచీ ఇదే ఆచారం. బిడ్డ పుట్టాలని ఒకడు మొక్కుకుంటాడు, బోరులో నీళ్ళు పడాలని ఇంకొకడు. మొక్కు తీరినోడు సీర కట్టాల్సిందే. సీర అంటే పెండ్లాందో అక్కదో దొరుకుతాది. ఆ బుజాలకు రైక యాడ దొరుకుతాది? అందుకని హోలీ పది దినాలుందనంగా నా మిషను కాడికి ఒకరెనక ఒకరు వస్తారు, సేతులు పైకెత్తి, సిగ్గుపడతా, నవ్వుకుంటా.

ఊరందరి కొలతలూ నా పుస్తకంలో ఉండాయి. నా మొగుడు హుసేనప్పవి తప్ప. ఆయప్పకు మీసముండె. పెండ్లిసూపుల నాడు మనిషి కంటే ముందర మీసమే లోపలికొచ్చింది. దానికి ఆముదం పూసి, దువ్వి, అద్దంలో సూసుకునే దాంట్లో సగం నన్ను సూసుంటే నేను ఇంకా లావయ్యుందును. "మీసమున్నోడు సీర కడితే మీసానికి మర్యాద ఉండదు" అనేవాడు. ఇరవై రెండేండ్ల కాపరంలో ఒక్క హోలీకి కూడా సీర ముట్టుకోలేదు.

నేను సెప్పేది పోయినేడాది హోలీ సంగతి.

మా ఊరికి నీళ్ళిచ్చే ట్యాంకులో ఫిల్టర్లు సెడిపోయి అప్పటికి రెండేండ్లు. కుళాయి తిప్పితే బురద రంగు నీళ్ళు, పాచి వాసన. పిల్లోళ్ళకు వాంతులు, పెద్దోళ్ళకు కడుపునొప్పి. రిపేరు పని రమేష్‌కు వచ్చె. రమేష్ అంటే ఎమ్మెల్యే మనిషి, ఆదోనిలో ఉంటాడు. ఇసుక దింపిన మూడో దినమే దేవదాసు వచ్చి పని ఆపించె. దేవదాసు అంటే ఎంపీ మనిషి, ఎమ్మిగనూర్లో ఉంటాడు. ఇద్దరిదీ ఒకటే పార్టీ, అధికారంలో ఉండే పార్టీ. ఒకడు పని సేస్తే ఇంకొకనికి నిద్ర పట్టదు. ఇద్దరూ నిద్రపోయేదానికి మేము బురద తాగాల.

నా మొగుడు సుగ్గికి పోయే కూలోళ్ళకు మేస్త్రి. అంటే ఊర్లో పనుల్లేనప్పుడు నలభై యాభైమందిని గుంటూరు పక్క మిరపకాయల కోతకు తీసకపోయి, మళ్ళా జాగ్రత్తగా తీసుకొస్తాడు. ఆ యేడు సుగ్గి నుంచి తిరిగొచ్చి, పక్కింటి పిల్లోడు సెలైను బాటిలు పెట్టుకోని పడుకోనుంటే సూసినాడు. మర్నాడే ఖాళీ బిందెలతో అందరమూ రోడ్డు మీద కూర్చున్నాము. ఆయప్ప మీద ఒక కేసు. వారం తర్వాత మండలాఫీసుకు అర్జీ ఇచ్చేదానికి పోయినాము. పర్మిషను లేకుండా గుంపు కూడినామని రెండో కేసు. మా అత్తకొచ్చే పింఛను కూడా ఆ నెలే ఆపినారు. ఎందుకప్పా అని అడిగితే కంప్యూటరు ఆపిందన్నారు. కంప్యూటరుకు మా అత్త మీద ఏం పగ?

అప్పుడే కోస్తా పక్క నుంచి కొత్త ఎస్సై వచ్చినాడు. పడుచోడు, ఇస్త్రీ మడత నలగదు. మా ఆయప్పను స్టేషనుకు పిలిపించి, కూర్చోమని కూడా అనకుండా సెప్పినాడు.

"సెక్షన్ అమల్లో ఉంది. నలుగురు కలిసి నిలబడితే నేరం. ఇంకొక్క కేసు పడిందా, రౌడీషీట్ తెరుస్తాను. తర్వాత నీ ఇష్టం."

రౌడీషీటు అంటే ఏందో మాకు తెలుసు. ఫోటో స్టేషను గోడకెక్కుతాది. ఆదివారం ఆదివారం పోయి సంతకం పెట్టాల. ఎలక్షనొచ్చినా, పండగొచ్చినా పిలిచి కూర్చోబెడతారు. ఊరు దాటాలంటే అడగాల. అంటే సుగ్గి లేదు, మేస్త్రి పని లేదు, మా ఇంట్లో పొయ్యి లేదు. ఆ దినం ఇంటికొచ్చి మీసానికి ఆముదం కూడా పూసుకోలేదు. నాకు భయమేసింది. అబద్ధమెందుకు, సానా భయమేసింది.

అట్లుండగా హోలీ నాడే ఒక పెద్ద మంత్రి మా రోడ్డు మీదుగా ఎమ్మిగనూరుకు పోతాడని తెలిసింది, ఏందో బిల్డింగు తెరిసేదానికి. ఇంక సూడు వర్గాల సంబరం. ఊరి ముందర రోడ్డుకు ఈ పక్క రమేష్ స్వాగత తోరణం, ఆ పక్క దేవదాసుది. రమేష్ మనుషులొచ్చి ఆడోళ్ళకు రాణీ రంగు సీరలు పంచినారు, కట్టుకోని హారతి పళ్ళాలతో నిలబడాలని. సాయంత్రానికి దేవదాసు మనుషులు నేరేడు రంగు సీరలు తెచ్చినారు. వద్దంటే ఇంకేం ఆపుతారో అని రెండూ తీసుకున్నాము. రంగు సీర కట్టినోళ్ళను మాత్రమే రోడ్డు కాడికి వదలాలని పోలీసోళ్ళకు సెప్పినారంట.

"నేనైతే పోను" అనింది మా అత్త. "నా పింఛను ఆపినోళ్ళకు హారతా? కట్టెలు పట్టుకోని పోతా, పిలిస్తే."

ఆడోళ్ళెవరూ పోకూడదనుకున్నాము. రెండు రంగుల సీరలు నలభైకి పైనే నా మిషను పక్కన గుట్ట పడినాయి. మగోళ్ళు కొలతలకు వస్తాండారు. ఆ గుట్టను సూస్తా, టేపు పట్టుకోని నిలబడుకోనుంటే నాకే తట్టింది. సెప్పుకోకూడదు గాని, బుర్ర నాదే.

నలుగురు కూడితే నేరం. ఒకరెనక ఒకరు కొలతలియ్యడం నేరం గాదు గదా. బుజం కొలిసేటప్పుడు సగం సంగతి, నడుము కొలిసేటప్పుడు మిగతా సగం సెవిలో ఏసినా. ఎట్లాగూ సీర కట్టే దినమే, ఈసారి ఈ సీరలు కట్టండి, గుడి కాడ నుంచి రోడ్డు మీదికి పోదాము, మంత్రికి అర్జీ ఇద్దాము. మద్దయ్య అనే ఆయన, అరవై ఏండ్ల మనిషి, నడుము కొలత కాడ పకపకా నవ్వి టేపు తెంపినంత పని సేసినాడు. నాలుగు దినాల్లో ముప్పై తొమ్మిది రైకలు కుట్టినా. సంకల కింద రెండు కుట్లు, గట్టిగా. ఛాతీలకు ఆదోని మార్కెట్టు దూది. ఎవరికెంత పెట్టాలనే దాని మీద మా అత్తకూ నాకూ తగువు కూడా అయ్యింది.

హుసేనప్పకు మాత్రం నేను సెప్పలేదు. ఇంకో కేసు పడితే ఏమవుతాదో తెలిసి ఎట్ల సెప్తా? అర్జీని మద్దయ్య ఇస్తే సాలనుకున్నా.

హోలీకి ముందునాడు పొద్దున్నే మా వాకిట్లో కుర్చీ ఏసుకోని పోలీసాయన కూర్చున్నాడు. హౌస్ అరెస్టంట. మంత్రి పోయేదాకా హుసేనప్ప గడప దాటకూడదు. కూర్చున్నాయన పేరు యేసురత్నం, కోసిగి పక్కాయన, మెత్తటి మనిషి. ఒడిలో ఒక నోటుబుక్కు. గంట గంటకూ లోపలికి తొంగి సూసి, "ఇంట్లోనే ఉన్నాడు" అని రాసి సంతకం పెట్టాల. దాన్ని ఫోటో తీసి పైకి పంపాల.

"నేనేం సేస్తానక్కా, పైనోళ్ళు కూర్చోమంటే కూర్చునే ఉద్యోగం" అన్నాడు నాతో.

మధ్యాహ్నం కడపటి రైకకు కాజాలు కుడతాంటి. హుసేనప్ప మంచం మీద నుంచి లేసొచ్చి నా ముందర నిలబడినాడు. ఏం గావాలయ్యా అని తలెత్తి సూసినా. సేతులు రెండూ పైకెత్తినాడు.

"నాకూ తీసుకో" అన్నాడు.

ఊరంతా గుసగుసలాడతాంటే ఆయప్పకు తెలీకుండా ఉంటాదా.

"నీకొద్దు. మద్దయ్య ఇస్తాడు" అన్నా.

"మంత్రిని సూస్తే మద్దయ్య నవ్వుతాడు. వాళ్ళందర్నీ గుంటూరు దాకా తీసకపోయేది నేను. రోడ్డు దాకా ఎవరో తీసకపోతే నేను ఈడ పండుకోవాల్నా?"

"రౌడీషీటు తెరుస్తారు."

"తెరిస్తే తెరవనీ. నువ్వు రైక కుట్టు."

టేపు తీసినా. బుజం పద్దెనిమిది, ఛాతీ నలభై రెండు. పుస్తకంలో ఆయప్ప పేరు రాసి, కింద కొలతలు రాసినా. లోపల నీళ్ళ కుండ కాడికి పోయి, అద్దం పెట్టుకోని, ఆయప్పే మీసం గీసేసుకున్నాడు. వెనక్కు తిరిగితే ఎవరో తెలీని మనిషి, పెదవి మీద మీసముండిన కాడ తెల్లటి పట్టీ. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినాయి.

"ఇంత ముద్దుగా ఉండే మూతిని ఇన్నేండ్లు దాసిపెట్టినావా?" అన్నా.

"సాల్లే" అన్నాడు, సిగ్గుపడి.

హోలీ పొద్దున తొమ్మిదిన్నరకు ఐదుగురు ఆడోళ్ళు మా ఇంటికొచ్చినారు, పళ్ళాలూ పూలూ పట్టుకోని. నిజంగా ఆడోళ్ళే. లోపల హుసేనప్పకు రాణీ రంగు సీర కట్టి, దూది సర్ది, మొగానికి రంగు పూసి, కొంగు నెత్తి మీదికి లాగినా. నేనూ అదే రంగు సీర కట్టుకుంటి. మా అత్త, కొడుకు సొక్కా తొడుక్కోని, తలకు తువ్వాలు సుట్టుకోని, మంచమెక్కి గోడ పక్కకు తిరిగి పండుకుంది. ఆయమ్మ నలభై ఏండ్లుగా బీడీలు తాగుతాంది. గొంతు మా ఆయప్ప కంటే బొంగురు.

ఏడుగురము బయటికొచ్చినాము. యేసురత్నం కాళ్ళు ముడుసుకోని దారిచ్చినాడు. హుసేనప్పకు కుచ్చిళ్ళు కాలికి తగిలి తూలె.

"నిదానమక్కా, గడప ఎత్తుగా ఉండాది" అన్నాడు యేసురత్నం, నోటుబుక్కులో నుంచి తల ఎత్తకుండా.

మా వీధి దాటేదాకా నేను ఎనక్కి తిరిగి సూడలేదు.

గుడి కాడ మిగతా ముప్పై తొమ్మిదిమందితో కలిసి మొక్కుకోని, కొంగులు మూతి దాకా లాక్కోని, హారతి పళ్ళాలతో రోడ్డెక్కినాము. ఎస్సై బారికేడు కాడ నిలబడి ఎవర్నీ రానియ్యకుండా ఉండె. సైకిలాయన్ని తోలేసినాడు, ఎనుమును కూడా తోలేసినాడు. రాణీ రంగు, నేరేడు రంగు సూడంగానే మొగం ఇప్పారింది.

"హారతి మహిళలా? త్వరగా వెళ్ళండమ్మా, కాన్వాయ్ వచ్చేస్తోంది. ఎడమపక్క కొందరు, కుడిపక్క కొందరు."

కోస్తాయనకు మా హోలీ సంగతి ఎవరూ సెప్పలేదు. అడగలేదు గూడా. సెక్షన్లు మాత్రమే సదివొచ్చినాడు.

తోరణం కింద రమేష్ మొగాలు సూడకుండా సీరల రంగులే లెక్కపెట్టుకోని ఫోనులో అరుస్తాండాడు. "మనోళ్ళు ఇరవై మూడుమంది అన్నా, ఆ పక్క పద్దెనిమిదే." ఆ పక్క దేవదాసు, మన ఆడోళ్ళు ఆరోగ్యంగా ఉండారని ఎవరికో సెప్తాండాడంట. నవ్వు ఆపుకోలేక మద్దయ్య కొంగు నోట్లో కుక్కుకున్నాడు. నేను గిచ్చినా.

కార్లొచ్చినాయి. అంతమంది హారతులతో నిలబడితే ఏ మంత్రైనా దిగుతాడు. దిగినాడు. టీవీలోళ్ళు ముందుకొచ్చినారు. నేను పళ్ళెం ఎత్తి తిప్పినా. ఆయన పళ్ళెంలోకి సూసి ఆగినాడు. హారతి నీళ్ళంటే పసుపూ సున్నమూ కలిపి ఎర్రగా ఉండాల. ఇవి బురద రంగుగా, పైన పాచి తేలతా ఉండాయి.

"ఏమ్మా, హారతి నీళ్ళు ఇలా ఉన్నాయేంటి?"

"ఏమీ కలపలేదు సార్" అన్నా. "మా కుళాయిలో వచ్చేవి ఇవే. మా పిల్లోళ్ళు తాగేవీ ఇవే."

ఆయన పక్క పళ్ళెం సూసినాడు. దాని పక్కది సూసినాడు. నలభై పళ్ళాలూ ఒకటే. హుసేనప్ప ముందుకొచ్చి, రైకలో నుంచి అర్జీ తీసి ఇచ్చినాడు, ఊరందరి వేలిముద్రలుండేది.

"మగోళ్ళుగా వస్తే కేసులు పెడతాండారు సార్" అన్నాడు. "అందుకని ఇట్ల రావాల్సొచ్చింది."

ఆ గొంతు ఇని మంత్రి అడుగు ఎనక్కేసినాడు. నలభైమందీ కొంగులు తీసేసినారు. బోడి తలలూ, పండిన గడ్డాలూ, మల్లెపూలూ. ఒక్కరు కూడా అరవలేదు. నినాదాలిస్తే నేరం గదా, పళ్ళాలు మాత్రం ముందుకు సాపినారు. టీవీ పిల్లోడు నవ్వినాడు. మంత్రి కూడా నవ్వబోయి, కెమెరాను సూసి, అర్జీ సదివి, గంభీరంగా అడిగినాడు.

"ఈ ట్యాంకు పని ఎవరు ఆపారు?"

రమేష్ సెయ్యి దేవదాసు పక్క సాగింది. దేవదాసు సెయ్యి రమేష్ పక్క. ఇద్దరూ ఒకేసారి. ఆ ఫోటో మర్నాడు జిల్లా అంతా తిరిగింది.

కార్లు పోయినాయి. పోయినాక మా పని మొదలయ్యింది. పోలీసోళ్ళు మగోళ్ళను వ్యానుల్లోకి తోసినారు, లాఠీలు లేసినాయి. హుసేనప్ప బుజం మీద ఒక దెబ్బ పడి, రైక కుట్టు బుజం కాడ పర్రున పిగిలింది. దెబ్బ కంటే ఆ శబ్దం నాకు బాగా ఇనపడింది. నేను కుట్టిన కుట్టు అది. అక్కడే నిలబడి ఏడ్సినా.

స్టేషను ఆవరణలో నలభైమందీ సీరల్లో వరసగా కూర్చున్నారు. మేము ఆడోళ్ళము గేటు బయట. ఎస్సై ఇస్త్రీ మొత్తం నలిగింది. నా మొగుడి ముందుకొచ్చి నిలబడినాడు.

"ఇతను హుసేనప్ప. మీసం తీస్తే గుర్తుపట్టననుకున్నాడు. మూడో కేసు. రౌడీషీట్ తియ్యండి. ఆ యేసురత్నాన్ని పిలవండి, సస్పెండ్ చేస్తాను."

యేసురత్నం నోటుబుక్కుతో వచ్చి సెల్యూటు కొట్టినాడు. బుక్కు తెరిసి ముందర పెట్టినాడు.

"పది గంటలకు ఇంట్లోనే ఉన్నాడు సార్. పదకొండుకు ఇంట్లోనే. పన్నెండుకు ఇంట్లోనే."

"నీ మొహం. మరి ఇక్కడున్నదెవరు?"

"పదకొండు గంటల కాడ మీ సంతకం కూడా ఉండాది సార్. మీరు జీపులో వచ్చి, గడప కాడ నుంచి సూసి, జ్వరమా అని అడిగినారు. హూ అన్నాడు. హౌస్ అరెస్టు సక్రమమని మీరే డీఎస్పీ సారుకు ఫోటో పంపినారు."

ఎస్సై టోపీ తీసి సంకలో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు ఈడ ఉండేది హుసేనప్ప అని రాస్తే" అన్నాడు యేసురత్నం సానా వినయంగా, "ఆ మంచంలో మీరు సూసింది ఎవర్నని పైనోళ్ళు అడుగుతారు సార్."

ఎస్సై ఆ బుక్కును సూసినాడు. సంతకం సూసినాడు. రాణీ రంగు సీర, పిగిలిన రైక, జారిన దూది సూసినాడు. మొగం తిప్పుకున్నాడు.

"ఈవిడ్ని ఇంటికి పంపించెయ్యండి" అన్నాడు.

ఆవిడ ఇంటికొచ్చినాది. నేనూ ఎనకే వచ్చినా.

మిగతా ముప్పై తొమ్మిదిమంది మీద సిన్న కేసు రాసినారు. ఇప్పటికీ వాయిదా ఉంటే అందరూ ఒకే ఆటోల గుంపులో ఆదోని కోర్టుకు పోయొస్తారు, వచ్చేటప్పుడు మిర్చిబజ్జీ తినేసొస్తారు. టీవీలో సూసినాక రమేష్ ఇసుక మార్చినాడు, రమేష్ మార్చినాడని దేవదాసు పైపులు మార్చినాడు. ట్యాంకు గోడ మీద ఈ పక్క ఒకని పేరు, ఆ పక్క ఇంకొకని పేరు. ఉగాది దాటినాక నీళ్ళు తేటగా వచ్చినాయి. మా అత్త పింఛను మాత్రం ఇంకా రాలేదు. ప్రతి నెలా ఒకటో తారీకు ఆయమ్మ అరుగు మీద కూర్చోని, బీడీ ముట్టించి, ప్రభుత్వాన్ని పేరుపేరునా తిడతాది. హుసేనప్ప మళ్ళా మీసం పెంచలేదు. ఎందుకంటే సెప్పడు. నాకు తెలుసు, నేను ముద్దుగా ఉండావన్నా గదా.

మొన్న, ఈయేటి హోలీ వారముందనంగా, మిషను ముందర నీడ పడింది. సూస్తే యేసురత్నం, మామూలు బట్టల్లో, సంకలో రైకగుడ్డ.

"ఏమప్పా, మళ్ళా హౌస్ అరెస్టా?" అన్నా.

"కాదక్కా. రైక కుట్టాల."

"ఎవరికి, మీ ఇంటామెకా?"

"నాకే. మొక్కుకుంటి. తీరింది."

నాకు నవ్వొచ్చింది. "నువ్వు చర్చికి పోయేవోడివి గదప్పా."

"పోతానక్కా. ఆ పొద్దు దగ్గర్లో ఉండింది మన్మథుడే." రైకగుడ్డ మిషను మీద పెట్టినాడు. "నేను తొంగి సూసినప్పుడు మంచంలో నుంచి మీ అత్త బీడీ కోసం సెయ్యి సాపె. మోచేతి దాకా ఆడోళ్ళ పచ్చబొట్టు. అది సూస్తానే బయట కుర్చీలో కూర్చోని మొక్కుకుంటి, ఆయప్ప కేసు లేకుండా ఇంటికి రావాలని. మా ఊర్లో కూడా అవే నీళ్ళక్కా."

 కండ్లు తుడుసుకోని, పుస్తకంలో హుసేనప్ప పేరు కింద యేసురత్నం అని రాసి, మెడలో టేపు తీసినా.

"సేతులెత్తప్పా" అన్నా.

పోలీసాయన సేతులెత్తినాడు.